రెండో పలక

పలక తుడవడం నా పని. ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో. తడి మిగిలితే సుద్దముక్క పడదు. తడి లేకుండా తుడిస్తే పాత అక్షరాలు లీలగా ఉండిపోతాయి. అప్పుడు మా ఆయన నిన్నటి దోర్నాల యాక్సిడెంటునూ ఇవాళ్టి మిర్చి ధరనూ కలిపి చదివేస్తారు. మొదట్లో ఒకసారి అట్లాగే అయితే "బాగా తుడువు పరమేశ్వరీ, పాత వార్త కనపడతాంది" అన్నారు. ఆ మాట మళ్ళీ అనిపించుకోలేదు. పదకొండేళ్ళలో ఎన్ని వార్తలు తుడిచానో ఆ దేవుడికే తెలియాలి.

మా ఆయన పేరు చంద్రశేఖరరావు. మార్కాపురంలో ఆ పేరుతో అడిగితే ఎవరూ చెప్పలేరు, టీవీ శేఖర్ అంటే చిన్నపిల్లలు కూడా ఇంటిదాకా తెచ్చి దింపుతారు. మా మామగారిది పలకల వ్యాపారం. ఒకప్పుడు లారీలకు లారీలు పోయేవట. బడిపిల్లలకు పలక అవసరం తీరిపోయాక షెడ్డు మూతపడింది, మామగారు దిగులుతో మంచమెక్కి మరి దిగలేదు. అటక మీద రెండు కట్టల పలకలు మిగిలాయి. మా ఆయన చేతికి ఛానల్ లోగో వచ్చింది. లోగో అంటే ఛానల్ పేరు రాసి ఉన్న మైకు. అది పట్టుకుంటే పోలీస్ స్టేషన్లో కుర్చీ వేస్తారు, పెళ్ళిళ్ళలో ముందు వరసలో కూర్చోబెడతారు. "నా కొడుక్కు వాళ్ళ నాయన ఇచ్చిన దానికన్నా పెద్ద పేరొచ్చింది" అని మా అత్తమ్మ వచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. కాఫీ తెచ్చి పెట్టేది నేనే కాబట్టి ప్రతిసారీ వింటాను.

పలక సంగతి చెప్పాలి. ఊళ్ళో ఏదైనా పెద్ద వార్త అయితే హైదరాబాదు నుంచి ఫోన్ వస్తుంది. దాన్ని ఫోనో అంటారు. స్టూడియోలో యాంకర్ ప్రశ్న అడుగుతుంది, తెర మీద మా ఆయన ఫోటో పడుతుంది, ఇక్కడి నుంచి ఆయన గొంతు వెళుతుంది. అంతా లైవ్. గొంతు మాత్రం నిజంగా బాగుంటుంది, కాదనను. గంట కొట్టినట్టుంటుంది. అయితే గంటకు తనంతట తను మోగడం రాదు కదా. యాంకర్ అడగ్గానే ఈయన "అదీ... అంటే..." అని ఆగిపోయేవారు. కాగితం మీద రాసిస్తే కళ్ళజోడు లేనిదే కనపడదు. జోడు పెట్టుకుంటే వయసు తెలుస్తుందని పెట్టుకోరు. ఫోనోలో ఎవరు చూస్తారండీ అంటే "అలవాటయిపోతాది, రేపు కెమెరా ముందు కూడా పెట్టుకోబుద్ధయితాది" అంటారు. ఒకరోజు ఏమీ తోచక అటక మీద నుంచి పలక దింపి, లావు సుద్దతో నాలుగు వరుసలు రాసి ఎదురుగా పట్టుకున్నాను. నల్లటి దాని మీద తెల్లటి అక్షరం, నాలుగడుగుల దూరం నుంచి గడగడా చదివేశారు. ఆనాటి నుంచి అదే పద్ధతి. రెండు పలకలు. ఒకటి ఆయన చదువుతుంటే రెండోది తయారుగా ఉండాలి. నేను నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంటాను. ఫ్యాను కట్టేస్తాం, చప్పుడు లైన్లోకి పోతుందని. టీవీ మ్యూట్‌లో పెడతాం. అత్తమ్మ దగ్గు వస్తే పెరట్లోకి వెళుతుంది. మా అమ్మాయి యశస్విని పదో తరగతి పుస్తకం పేజీ తిప్పాలన్నా ఆగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మార్కాపురం ఎండలు ఎట్లా ఉంటాయో తెలిసినవాళ్ళకు ఫ్యాను లేని గది గురించి చెప్పక్కర్లేదు. చెమట మోచేతుల మీదుగా పలక మీదికి జారేది. అక్షరం చెరుగుతుందేమోనని నాకు భయం. ఆయనకు మాత్రం ఒకటే భయం, లైవ్‌లో గ్యాప్ రాకూడదు. ఒక్క సెకను గ్యాప్ వచ్చినా పరువు పోయిందంటారు.

ఆయన చదివేది అర్థం చేసుకుని కాదు. కంటికి కనపడింది నోటికి వచ్చేస్తుంది, మధ్యలో బుర్రకు పని లేదు. ఈ సంగతి నాకు రెండేళ్ళ కిందట బాగా తెలిసొచ్చింది. పొయ్యి మీద కుక్కర్ ఉంది, హఠాత్తుగా ఫోనో వచ్చింది. కూత వేస్తే నా పని అయిపోతుంది. మాట్లాడకుండా ఆయనకు చెప్పాలి కాబట్టి పలక చివరన "కుక్కర్ కట్టేసి వస్తా" అని రాసి చూపించాను. ఆయన గిద్దలూరు రైల్వే గేటు దగ్గర ట్రాఫిక్ గురించి చెబుతూ చెబుతూ, అదే గంభీరమైన గొంతుతో, "వాహనదారులు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు, కుక్కర్ కట్టేసి వస్తా" అన్నారు. రాష్ట్రమంతా విన్నది. హైదరాబాదు డెస్కులో వాళ్ళు నెల రోజులు నవ్వారట. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ నవ్వలేదు. "నువ్వు రాసింది నేను చదువుతా. నువ్వు గడ్డి రాస్తే గడ్డే చదువుతా. నీ బుద్ధి యాడ పెట్టినావు?" అన్నారు. అత్తమ్మ అందుకుని, "మగోడు బయట పేరు నిలబెట్టుకునేదానికి సస్తాంటే, ఈమెకు పప్పు మీద ధ్యాస" అంది. ఆ పప్పు రాత్రి ఇద్దరూ రెండోసారి వడ్డించుకున్నారు. అప్పటి నుంచి ఫోనో ఉన్న వేళ మా ఇంట్లో పొయ్యి వెలగదు.

పలక మీద రాసేది ఎక్కడి నుంచి వస్తుందని ఎవరూ అడగలేదు. ఆయన ప్రెస్‌మీట్లకు పోతారు, టీ తాగుతారు, సన్మానాలకు పోతారు. ఆసుపత్రికి ఫోన్ చేసి ఎంతమంది చేరారో కనుక్కునేది నేను. వెలిగండ్ల నుంచి కంది రైతు ఫోన్ చేస్తే అరగంట వినేది నేను. వీడియో ముక్కలు అతికించేది నేను, స్క్రిప్టు రాసేది నేను. నిడివి చూసుకోవడానికి పైకి చదువుతాను కదా, అది మాత్రం నాకిష్టమైన పని. వంటింట్లో గోడకు గడియారం, స్టౌ పక్కన ఫోను, నేను నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదువుతాను. నిమిషం నలభై సెకన్లు. మార్కాపురంలో రోజూ ఎవరూ వినని బులెటిన్ ఒకటి ఉండేదంటే అది నాదే. చదివేటప్పుడు చివర్లో పేరు చెప్పాలి కదా, "మార్కాపురం నుంచి చంద్రశేఖర్" అని చెప్పి ఆపేదాన్ని. సొమ్మొకరిది సోకొకరిది అని ఎవరో అన్న మాట అప్పుడు గుర్తొచ్చి నవ్వు వచ్చేది. కొన్ని రోజులు ఏడుపూ వచ్చేది.

మాది గిద్దలూరు. మా నాయనది కిరాణా దుకాణం. పేపరు రాగానే దుకాణం ముందు నలుగురు చేరేవారు, చదువు రానివాళ్ళు. ఏడో తరగతి నుంచే నన్ను స్టూలెక్కించి "చదువమ్మా" అనేవాడు నాయన. చింతపండు తూచడం ఆపి మరీ వినేవాడు. పెద్దయ్యాక హైదరాబాదులో ఒక ఛానల్ న్యూస్ రీడర్లు కావాలంటే దరఖాస్తు పెట్టాను, టెస్టుకు రమ్మని ఉత్తరం వచ్చింది. అదే వారం పెళ్ళిచూపులు. ఉత్తరం సంగతి నాయనే చెప్పాడు, గొప్పగా. అప్పుడు మా అత్తమ్మ కాసేపు నా వైపు చూసి, "గొంతు బాగుందంటే మంచిదే కదా, వాసవీ అమ్మవారి పూజలో పాటలు పాడుకోవచ్చు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాయన మాత్రం నవ్వలేదు, నాకు బాగా గుర్తు. కన్యకాపరమేశ్వరి అని నాకు నిండుగా పేరు పెట్టుకున్నది ఆయనే. పదహారేళ్ళ కాపురంలో ఆ పేరును పూర్తిగా పిలిచినవాళ్ళు లేరు.

పోయిన నెల మార్కాపురం జిల్లా అయింది. ఊరంతా బ్యానర్లు. మా ఛానల్‌కు ఇప్పుడు కొత్త జిల్లాకొక జిల్లా రిపోర్టర్ కావాలి. ఇన్నాళ్ళూ వార్తకింత అని ఇచ్చేవాళ్ళు, ఇక నెలజీతం, గుర్తింపు కార్డు, కారు మీద స్టిక్కర్. నలుగురు పోటీ పడుతున్నారు. మా ఆయన నిద్రలో కూడా అదే కలవరింత. జిల్లాల నుంచి వార్తలు తెప్పించే ఇన్‌పుట్ ఎడిటర్ కొత్తగా వచ్చాడు, గట్టివాడట, ఆదివారం పొద్దున తొమ్మిదింటికి పల్లెల్లో నుంచి నిజమైన వార్త కావాలన్నాడట. "పుల్లలచెరువు పక్క నీళ్ళ కష్టాలు చూపిద్దామండీ" అన్నాను. "నువ్వు పోయి రా, నాకు ఎమ్మెల్యే మీటింగుంది" అన్నారు. అట్లా జీవితంలో మొదటిసారి ఒక్కదాన్నే వార్త కోసం బస్సెక్కాను. ఎర్రగొండపాలెంలో బస్సు మారాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఎవరికీ టిఫిను పెట్టకుండా, ఎవరి చొక్కా వెతక్కుండా రెండు గంటలు కూర్చున్నానా, నాకే ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపించింది చూడండి, అంత పాడయిపోయింది నా బుద్ధి.

ఆ పల్లె పేరు ఇక్కడ రాయను. అడవి అంచున ఉంటుంది. బోర్లు ఎండిపోయాయి, నాలుగు రోజులకొకసారి ట్యాంకరు రావాలి. నేను వెళ్ళేసరికి ఒక వీధిలో ట్యాంకరు వచ్చి ఉంది, పక్క వీధి ఆడవాళ్ళు దూరంగా నిలబడి చూస్తున్నారు. వాళ్ళ బిందెలు ఖాళీ. ఏమ్మా మీరు పట్టుకోరా అని అడిగాను. జ్ఞానమ్మ అని యాభై ఏళ్ళావిడ నన్ను తన ఇంటి నీడకు తీసుకుపోయింది.

"పైపు పట్టుకునేటోడు ఉంటాడు కదమ్మా, వానితో నవ్వతా మాట్లాడినోళ్ళకు ముందు పెడతాడు" అంది. "తలకాయ దించుకున్నోళ్ళకు ఎనక. ఎనకోళ్ళ వరస వచ్చేపాటికి నీళ్ళుండవు. నేను ముసల్దాన్ని, నా నవ్వు ఎవరికి కావాల? కోడలు పోతాండె. పోయిన దఫా వాడు, ఇంకొంచెం నవ్వు, పళ్ళు కనపడాల అన్నాడంట. దానికి రోషమొచ్చి, నిండు బిందె వాని కాళ్ళ మీద కుమ్మరించి ఇంటికొచ్చింది."

"తర్వాత?"

"తర్వాత ఏముంది. పదకొండు దినాలాయె, మా ఈదిలో ట్యాంకరు ఆగి. రైతు బోరు కాడికి పోతాండాం, మూడు మైళ్ళు."

"ఇంట్లో మగవాళ్ళు ఏమన్నారు?"

జ్ఞానమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "నా కొడుకు ఏమన్నాడో చెప్పనా? నవ్వితే ఏం పోతాదే నీది, అన్నాడు. పెండ్లాన్ని."

కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. నా వైపు చూడలేదు. నిండు బిందె! నీళ్ళు లేని ఊళ్ళో, వరుసలో నిలబడి, నవ్వి సంపాదించుకున్న నిండు బిందె. అది కుమ్మరించడానికి ఎంత గుండె ఉండాలి? నేనూ నవ్వినదాన్నే. పెళ్ళిచూపుల్లో నవ్వాను, ఆయన ఫ్రెండ్స్ "మా శేఖర్ గొంతు కింగమ్మా" అంటుంటే కాఫీ గ్లాసులు పట్టుకుని నవ్వాను, కుక్కర్ సంగతి పదిమందిలో చెప్పి ఎగతాళి చేస్తే కూడా నవ్వాను. ఇన్నేళ్ళు నవ్వీ నా బిందె ఇంకా ఖాళీనే.

ముఖాలు కనపడకుండా, ట్యాంకరుకు దూరంగా నిలబడ్డ ఆడవాళ్ళను వెనక నుంచి, వాళ్ళ పాదాలు, ఖాళీ బిందెలు, రైతు బోరు దారి ఫోన్లో తీసుకున్నాను. బయలుదేరుతుంటే జ్ఞానమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఈ మాట మగోళ్ళ చేత చెప్పియ్యొద్దమ్మా. మగోళ్ళ నోట్లో పడితే మా కోడలిదే తప్పయితాది. నువ్వు ఇన్నావు, నువ్వే చెప్పాల."

"రేపు పొద్దున తొమ్మిదికి నేనే చెబుతాను."

"టీవీలో నీ గొంతేనా?"

"నా గొంతే" అన్నాను.

"అట్లయితే రేపు మా తమ్ముని ఇంటికాడ టీవీ ముందర అందరం కూసుంటాం" అంది, కోడలి వైపు తిరిగి. ఆ పిల్ల అప్పుడు మొదటిసారి నా ముఖం చూసింది.

బస్సులో కూర్చున్నాక గానీ నేనేమన్నానో నాకు తెలిసిరాలేదు. ఎందుకన్నాను ఆ మాట? నా గొంతు ఏ టీవీలో వచ్చింది కనుక? ఆ నీడలో, ఆ చెయ్యి పట్టుకుని అడిగితే "లేదమ్మా, మా ఆయన చెబుతారు, నేను పలక పట్టుకుంటాను" అని చెప్పడానికి సిగ్గయింది. అంతే. సిగ్గుపడి అబద్ధమాడాను. దిగేదాకా ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఫోనులో పేర్లన్నీ చూశాను. ఆసుపత్రి, తహసీల్దారు ఆఫీసు, విద్యుత్ ఏఈ, మిర్చి యార్డు. వార్త కోసం ఫోన్ చేయదగ్గ వాళ్ళు రెండు వందల మంది ఉన్నారు, నా మాట చెప్పుకోదగ్గ వాళ్ళు ఒక్కరూ లేరు. నాయన పోయి ఆరేళ్ళు.

సాయంత్రం ఆయన స్క్రిప్టు చూశారు. జోడు పెట్టుకుని, ఇంట్లోనే కదా. మధ్యలో ఆగారు.

"ఈ నవ్వే సంగతి తీసెయ్."

"అదే కదండీ అసలు వార్త."

"ట్యాంకరు రాలేదు, ప్రజలు ఇబ్బంది పడతాండారు, అధికారులు స్పందించాల. అంతే. ఆ ట్యాంకర్ల కాంట్రాక్టరు మనకు కావాల్సినోడు, పండగలకు యాడ్ ఇచ్చేటోడు. అయినా నవ్వితే నీళ్ళొస్తాయంటే నవ్వొచ్చు కదా, ఏం పోయింది? ఇదొక వార్తా?"

జ్ఞానమ్మ కొడుకు మాట. అక్షరం పొల్లుపోలేదు. అడవంచు పల్లెలో చదువురాని వాడొకడు, కొత్త జిల్లాకు రిపోర్టర్ కాబోతున్న వాడొకడు, ఇద్దరికీ ఒకటే బడి.

"ఆ ఒక్క ముక్క నన్ను చెప్పనివ్వండి" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "రెండు నిమిషాలు. మిగతాదంతా మీరే చెప్పండి. వాళ్ళకు మాటిచ్చి వచ్చాను."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఆశ్చర్యంగా చూసి, పెద్దగా నవ్వారు. "నువ్వా? లైవ్‌లోనా? మరి పలకెవరు పట్టుకుంటారు?"

అత్తమ్మ కూడా నవ్వింది. యశస్విని తలెత్తి నన్ను చూసింది, మళ్ళీ పుస్తకంలోకి వంగింది. ఆయన భుజం తట్టి, "రేపు ఆదివారం, తొమ్మిదికి ఫోనో. జిల్లా నీటి ఎద్దడి మీద స్పెషల్. ఎడిటర్ సారు స్వయంగా వింటాండాడు, దీంతోనే తేలిపోతాది నా సంగతి. అక్షరాలు పెద్దగా రాయి" అన్నారు. భుజం తట్టడం మంచి మాటకే. ఆయన చెడ్డవారు కాదు, అందరూ అదే అంటారు. నేనూ అంటాను. మంచివాడి ఇంట్లో గొంతు పోగొట్టుకున్నదానికి చెప్పుకునే చోటు కూడా ఉండదు.

పొద్దున బియ్యం కడుగుతూ నీళ్ళు సింకులో పారబోయబోయి ఆగాను. కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళు. నేను నవ్వక్కర్లేదు, వరసలో నిలబడక్కర్లేదు. ఈపాటికి ఆ తమ్ముడి ఇంట్లో చాపలు పరుస్తుంటారు. ఆ పిల్ల వెనకాల, గోడకు ఆనుకుని కూర్చుంటుంది. తొమ్మిదింటికి ఒక మగగొంతు వస్తుంది, అధికారులు స్పందించాలంటుంది. ఆ పిల్ల జ్ఞానమ్మ వైపు చూస్తుంది. అంతకు మించి ఊహించలేకపోయాను. బియ్యం నీళ్ళు తులసికుండీలో పోసి, చేతులు తుడుచుకుని, పలకలు రెండూ తెచ్చుకున్నాను.

మొదటి పలక మీద ఆయన చెప్పమన్నదే రాశాను. ఎన్ని పల్లెలు, ఎన్ని బోర్లు, ఎన్ని రోజులకొక ట్యాంకరు. రెండో పలక శుభ్రంగా రెండుసార్లు తుడిచాను. అయిదు వరుసలు రాశాను. అంత పెద్ద అక్షరాలు నేనెప్పుడూ రాయలేదు. బోర్లా పెట్టి, వంటింట్లోకి వెళ్ళి పప్పు కడిగి కుక్కర్ పెట్టాను. స్టౌ వెలిగించాను. ఎనిమిది యాభై అయింది. ఫోనో వేళ పొయ్యి వెలగకూడదని తెలుసు. మరిచిపోయానని తర్వాత అత్తమ్మతో అన్నాను. మరిచిపోలేదు.

తొమ్మిదికి ఫ్యాను కట్టేశాం. ఆయన కుర్చీలో, నేను నేల మీద. అత్తమ్మ సోఫా అంచున, యశస్విని గుమ్మంలో. మూగ టీవీలో నేను తీసిన ఖాళీ బిందెలు కనపడ్డాయి, పక్కన ఆయన ఫోటో. ఫోన్లో యాంకర్ గొంతు నాకూ సన్నగా వినపడుతోంది.

"మార్కాపురం నుంచి మా ప్రతినిధి శేఖర్ లైన్లో ఉన్నారు. శేఖర్, పరిస్థితి ఎలా ఉంది?"

ఆయన మొదలుపెట్టారు. గంటలాంటి గొంతు. మొదటి పలక చక్కగా సాగింది. అంకెల దగ్గర కాస్త ఆగి, బరువు పెట్టి చెప్పారు. "ఆ విజువల్స్‌లో ఒక వీధి మహిళలు దూరంగా నిలబడి ఉన్నారు, కారణమేంటి శేఖర్?" అంది యాంకర్. నేను మొదటి పలక దించి, రెండోది ఎత్తాను. పలక కదలకుండా మోచేతులు పొట్టకు ఆనించుకున్నాను. ఆయన కళ్ళు పలక మీదికి వచ్చాయి, నోరు తెరుచుకుంది.

"ట్యాంకరు దగ్గర జరిగింది నేను చూడలేదు" అన్నారు, అదే గంభీరంగా. "వెళ్ళి చూసింది, ఈ వార్త రాసింది, నా భార్య కన్యకాపరమేశ్వరి. ఇన్నాళ్ళూ నా వార్తలన్నీ రాసింది ఆమే. ఆమె చెబుతుంది, వినండి."

చదవడం అయిపోయాక అర్థమైంది ఆయనకు. కళ్ళు పలక మీద నుంచి నా ముఖం మీదికి వచ్చాయి. అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. యాంకర్ తేరుకుని, "ఓకే శేఖర్. మేడమ్ అక్కడే ఉన్నారా? ఒకసారి ఇవ్వండి" అంది.

గ్యాప్. ఒకటి. రెండు. పదకొండేళ్ళలో మా ఇంటి నుంచి అంత గ్యాప్ ఎప్పుడూ పోలేదు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. నేను మోకాళ్ళ మీద నుంచి లేచి నిలబడి చెయ్యి చాపాను. ఆయనే ఇచ్చారో, నేనే లాక్కున్నానో, మా ఇంట్లో ఇప్పటికీ రెండు మాటలున్నాయి. ఫోను నా చెవి దగ్గరికి వచ్చింది. ఆయన చెవి వేడి ఇంకా దాని మీద ఉంది.

"నమస్తే. నేను కన్యకాపరమేశ్వరిని, మార్కాపురం నుంచి" అన్నాను. "ఈ వీధి ఆడవాళ్ళకు పదకొండు రోజులుగా ట్యాంకరు ఆగడం లేదు. ఎందుకంటే ఇక్కడ నీళ్ళు కావాలంటే ఆడవాళ్ళు నవ్వాలి. ఒకమ్మాయి నవ్వనంది."

వంటింట్లో కుక్కర్ పెద్దగా కూత వేసింది. లైన్లోకి పోయే ఉంటుంది. నేను ఆగలేదు. ఆ అమ్మాయి నిండు బిందె ఎక్కడ కుమ్మరించిందో చెబుతున్నాను. రెండో కూత వేసింది. వెనకాల ఎవరో లేచిన చప్పుడు, వంటింటి వైపు అడుగులు, స్టౌ కట్టేసిన చప్పుడు వినపడ్డాయి. ఎవరో నేను చూడలేదు. నేను మాట్లాడుతున్నాను.